డిచ్‌పల్లి డాక్టరమ్మ: పక్కింటివాళ్లు గమనించిన విశ్వాసం

డేటా అయిపోయినవాళ్లకి, బస్సులో ఇయర్‌ఫోన్స్ లేనివాళ్లకి ఉపయోగపడుతుందని ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్ మొత్తం రాతలో కూడా పెడుతున్నాం. అక్కడక్కడా మాట్లాడినట్టే ఉంటుంది, ఏమనుకోకండి.

ఈసారి లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మాట్లాడుతున్నాను. తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇది శామీర్‌పేట మండలం, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. పేరులోనే గడి ఉంది చూశారా. ఇప్పుడు మాత్రం గడుల కంటే తుర్కపల్లి వైపు కనిపించే బయోటెక్ కంపెనీలే ఈ ప్రాంతానికి గుర్తు. టీకాలు, మందులు, ల్యాబులు. పొద్దున షిఫ్ట్ బస్సుల్లో సగం మంది మీ వయసువాళ్లే.

అలా షిఫ్ట్‌కి వెళ్లే ఒక తమ్ముడు ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. పేరు చెప్పను. బైక్ మీద శిలువ స్టిక్కర్ ఉంది, వాట్సాప్ స్టేటస్‌లో రోజూ ఒక వాక్యం పెడతాడు, ఆదివారం చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. ఒకరోజు తనతో పనిచేసే అతను నవ్వుతూ ఒక మాట అన్నాడట. "నీ స్టేటస్ రోజూ చూస్తా భాయ్. కానీ మా అమ్మకి బాగోలేనప్పుడు నైట్ షిఫ్ట్ మార్చుకోమంటే ఒక్కసారి కూడా మార్చుకోలేదు గదా." అంతే. కొట్లాట ఏం లేదు. కానీ ఆ మాట మనవాడికి గుచ్చుకుంది. "అన్నా, మరి మన విశ్వాసం ఎదుటివాడికి ఎట్లా కనబడాలి? అసలు కనబడాలా, వద్దా?" అని అడిగాడు.

నేను పాస్టర్‌ని కాదు, నా పని చరిత్ర. కాబట్టి ప్రసంగం చెప్పను. కానీ ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలనిపించింది. ఎందుకంటే బైబిల్లోనే ఇది చిక్కుముడిలా ఉంటుంది. కొండమీది ప్రసంగం తీసుకోండి. మత్తయి 5వ అధ్యాయంలో దీపం దాచిపెట్టేది కాదు, మీ మంచి పనులు జనానికి కనబడాలి అన్న అర్థంలో ఉంటుంది. ఒక్క పేజీ తిప్పి 6వ అధ్యాయానికి వస్తే, జనం చూడాలని దానం చేయొద్దు, కుడిచేతి పని ఎడమచేతికి కూడా తెలియనంత గుట్టుగా చెయ్యి అన్న అర్థంలో ఉంటుంది. ఒకే మనిషి, ఒకే కొండ, ఒకే ప్రసంగం. మరి కనబడాలా, దాక్కోవాలా?

దీనికి జవాబు వెతకడానికి మేడ్చల్ రైల్వే స్టేషన్ దాకా వెళ్దాం రండి.

మేడ్చల్ మీదుగా పోయే ఆ పట్టాలు మొన్న వేసినవి కావు. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా వేసిన లైను అది. 20వ శతాబ్దం మొదలయ్యే నాటికే మీటర్ గేజ్ బండ్లు దానిమీద తిరుగుతున్నాయి. అప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా, అంటే నగరం చుట్టూ ఉన్న నిజాం సొంత భూముల జిల్లా. ఆ బండెక్కితే మేడ్చల్, కామారెడ్డి, ఆ తర్వాత డిచ్‌పల్లి, ఆ తర్వాత నిజామాబాద్. ఇప్పుడు కారులో వెళ్లినా అంతే, మేడ్చల్‌లో 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే డిచ్‌పల్లి పక్కనుంచే పోతారు. తెలంగాణ యూనివర్సిటీ అక్కడే ఉంది కాబట్టి మీలో కొందరు అక్కడ చదివే ఉంటారు. ఖిల్లా రామాలయం దగ్గర సెల్ఫీలు కూడా దిగే ఉంటారు. కానీ అదే ఊళ్లో ఉన్న విక్టోరియా ఆసుపత్రి గురించి ఎంతమందికి తెలుసు?

1907లో ఒక జంట హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. ఆవిడ పేరు ఇసబెల్ కెర్. 1875లో ఉత్తర స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టింది. అబర్డీన్ యూనివర్సిటీలో డాక్టర్ చదువు పూర్తిచేసింది 1903లో. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టర్ అవ్వడం ఇంగ్లండ్‌లో, స్కాట్లాండ్‌లో కూడా అరుదే. అదే ఏడాది జార్జ్ కెర్ అనే మిషనరీని పెళ్లి చేసుకుంది. జార్జ్ పాస్టర్ కాకముందు వడ్రంగి. ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున ఇక్కడికి వచ్చారు.

ఒక్క నిమిషం, వాళ్లకంటే ముందే ఇదే మిషన్ నుంచి వచ్చిన ఇంకొకాయన గురించి చెప్పాలి. ఛార్లెస్ వాకర్ పోస్నెట్. 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశాడు. శామీర్‌పేట నుంచి సిటీకి వెళ్లేటప్పుడు మనం రోజూ దాటే తిరుమలగిరే అది. తర్వాత మెదక్ వెళ్లిపోయాడు. మెదక్ చర్చి కట్టించింది ఆయనే. కరువు రోజుల్లో పని కల్పించి కూలీలకు అన్నం పెట్టడానికి ఆ కట్టడం మొదలైందని మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్లు కట్టి 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. గోపురం దాదాపు 175 అడుగులు. చుట్టూ ఉన్న పొలాల్లోంచి ఎక్కడినుంచి చూసినా కనబడుతుంది. క్రిస్మస్‌కి అన్ని మతాలవాళ్లూ వెళ్తారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, ఫోటో దిగుతారు. విశ్వాసం కంటికి కనబడాలంటే మన ప్రాంతంలో అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

కానీ ఈరోజు నా దృష్టి ఆ గోపురం మీద లేదు. అదే మిషన్ అదే కాలంలో కట్టిన, ఎవరూ చూడటానికి ఇష్టపడని ఇంకో చోటు మీద ఉంది.

కెర్ దంపతుల పని నిజామాబాద్ ప్రాంతంలో. ఇసబెల్ దగ్గరికి జ్వరాలకి, కాన్పులకి, పుండ్లకి మనుషులు వచ్చేవారు. వాళ్లలో కుష్టు ఉన్నవాళ్లూ ఉండేవారు. మన పెద్దవాళ్లు ఆ జబ్బు పేరెత్తడానికి కూడా భయపడేవాళ్లు, పెద్దరోగం అనేవాళ్లు. పెద్దరోగం వచ్చిందంటే ఇంట్లో కంచం వేరు, తర్వాత గుడిసె వేరు, ఆ తర్వాత ఊరే వేరు. పెళ్లయిన ఆడమనిషైతే పుట్టింటికీ మెట్టింటికీ కాకుండా పోయేది. వాళ్లకంటూ వైద్యం దొరికే చోటు ఆ చుట్టుపక్కల దాదాపు లేదు.

ఇక్కడ కొంచెం సైన్స్. ఈ జబ్బుకి కారణం ఒక బ్యాక్టీరియా అని 1873లోనే నార్వేకి చెందిన హాన్సెన్ కనిపెట్టాడు. అది చర్మం మీద, నరాల మీద దాడి చేస్తుంది. నరం దెబ్బతింటే స్పర్శ పోతుంది. స్పర్శ పోతే వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అలా గాయం మీద గాయమై వేళ్లు పాడవుతాయి. వేళ్లు వాటంతటవే రాలిపోతాయన్నది జనం నమ్మకం మాత్రమే. నొప్పి తెలియకపోవడం వల్లే చేతులూ కాళ్లూ అలా అవుతాయని వెల్లూరు సీఎంసీలో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940లు, 50లలో గట్టిగా చూపించాడు. ఇంకో సంగతి, మనుషుల్లో చాలా ఎక్కువమందికి ఈ బ్యాక్టీరియాని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ముట్టుకుంటే అంటుకుంటుందన్న భయం అప్పటి జనంలో ఉంది, దాని వెనక అంత నిజం లేదు. కానీ 1911లో ఇసబెల్‌కి ఇదంతా ఇంత స్పష్టంగా తెలిసే అవకాశం లేదు. ఆవిడకి తెలిసింది ఒక్కటే, ఈ మనుషులు తన గుమ్మం దగ్గర ఉన్నారు, వీళ్లని చూసేవాళ్లు లేరు.

1911లో నిజామాబాద్‌లో వాళ్లకోసం చిన్నగా ఒక కేంద్రం మొదలుపెట్టింది. కొద్ది కాలంలోనే ఆ చోటు చాల్లేదు. వస్తూనే ఉన్నారు.

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన భాగం వస్తుంది. పెద్ద చోటు కావాలి, డబ్బు కావాలి. మిషన్ దగ్గర ఉన్నది సరిపోదు. అప్పుడు డబ్బిచ్చి నిలబడినవాళ్లలో ముఖ్యమైన పేరు రాజా నర్సాగౌడ్. నిజామాబాద్‌లో పేరున్న ధనవంతుడు, హిందువు. ఆయనకి ఆ మిషన్‌తో మతసంబంధం ఏమీ లేదు. ఆ డబ్బుతో గుడి కట్టించినా, సత్రం కట్టించినా ఊరంతా పొగిడేది, పుణ్యమనేది. ఆయన ఇచ్చింది దేనికి? ఊరు బయటకి గెంటేసిన మనుషులకోసం, పరాయి దేశపు డాక్టరమ్మ, పరాయి మతపు మిషన్ కట్టే ఆసుపత్రికి. అలా 1915లో డిచ్‌పల్లిలో విశాలమైన స్థలంలో కొత్త కేంద్రం మొదలైంది.

ఇప్పుడు మన తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఎదుటివాళ్లు గమనించారని మనకెట్లా తెలుస్తుంది? 1923లో కెర్ దంపతులకి బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. అది గుర్తింపే, కాదనను. కానీ తెల్లవాళ్ల ప్రభుత్వం తెల్లవాళ్లకి పతకం ఇవ్వడంలో నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. నర్సాగౌడ్ జేబులోంచి తీసిన డబ్బు నాకు అంతకంటే పెద్ద సాక్ష్యం. ఎందుకంటే చప్పట్లు ఎవరైనా కొడతారు, లైక్ ఎవరైనా కొడతారు. ఇంకో మతంవాడి పనిలో తన సొంత డబ్బు పెట్టాలంటే ఆ పనిని ఎంత దగ్గరగా చూసి ఉండాలి! ఎంత నమ్మి ఉండాలి! 1911 నుంచి 1915 దాకా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లు నిజామాబాద్ ఆవిడని చూస్తూనే ఉంది.

సరే, చోటు దొరికింది. కానీ ప్రేమతో పుండు కడిగితే జబ్బు తగ్గదు గదా. మందు కావాలి.

అప్పటికి ఉన్న ఒకే ఒక్క ఆశ చౌల్మూగ్ర నూనె. ఒక రకం అడవిచెట్టు గింజల నుంచి తీస్తారు. మన ఆయుర్వేదంలో ఎప్పటినుంచో తెలిసిన మందే. సమస్య ఏంటంటే, తాగితే భరించలేని వికారం, వాంతులు. సూదిమందుగా వేద్దామంటే చిక్కటి నూనె, చర్మం కింద గడ్డ కడుతుంది. ఈ చిక్కు విప్పినవాళ్లలో ఒకరి కథ మీరు తప్పకుండా తెలుసుకోవాలి. ఆలిస్ బాల్. హవాయి దీవుల్లో కెమిస్ట్రీ చదివిన నల్లజాతి అమ్మాయి. ఆ నూనెని శరీరం పీల్చుకునేలా మార్చే పద్ధతి కనిపెట్టినప్పుడు ఆమె వయసు 23 ఏళ్లో ఏమో. 1916లో 24 ఏళ్లకే చనిపోయింది. ఆ పద్ధతికి చాలాకాలం తన పేరు పెట్టుకున్నది ఇంకొకాయన. ఆమె మీద ఇంకోసారి పూర్తి ఎపిసోడ్ చేద్దాం, ఇప్పుడు దారి తప్పుతాం.

ఇటు కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్ ఇదే నూనె మీద పనిచేశారు. మ్యూర్ కూడా మిషనరీ డాక్టరే, కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో కుష్టు పరిశోధన నడిపాడు. 1920ల మొదట్లో ఇసబెల్ మ్యూర్ పద్ధతి అందుకుని డిచ్‌పల్లిలో ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడ వయసు 45 దాటింది. డాక్టర్ అయ్యి దాదాపు ఇరవై ఏళ్లు. ఆ వయసులో కొత్త వైద్యం నేర్చుకోవాలంటే మళ్లీ విద్యార్థిలా కూర్చోవాలి. ఆవిడ కూర్చుంది.

ఆ ఇంజెక్షన్ అంటే ఏదో ఒక్కసారి వేయించుకుని ఇంటికెళ్లే టీకాలాంటిది అనుకోకండి. వారం వారం, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి. నొప్పి. ఒక్కోసారి జ్వరం. వేసేవాళ్లకి ఓపిక కావాలి, వేయించుకునేవాళ్లకి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. పైగా మనం ఏ చేతిని చూసి పక్కకి జరుగుతామో, ఆ చేతినే పట్టుకుని మచ్చలున్న చోట సూది వేయాలి. నిజం చెప్పాలంటే ఆ మందు అందరికీ పనిచేయలేదు. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకి బాగా గుణం కనబడింది, ముదిరినవాళ్లకి అంతగా లేదు, కొందరికి తగ్గి మళ్లీ వచ్చింది. ఆ నూనె అసలు ఎంత పనిచేసిందన్న దానిమీద తర్వాతి డాక్టర్లకి అనుమానాలున్నాయి.

అయినా ఒక పెద్ద మార్పు జరిగింది. అంతకుముందు కుష్టు ఆశ్రమం అంటే చావు కోసం ఎదురుచూసే చోటు. ఇప్పుడు అది ఆసుపత్రి అయింది. అంటే లోపలికి వెళ్లినవాడు బయటకి రావచ్చు. ఆ ఒక్క ఆశ పుట్టగానే దాక్కున్నవాళ్లు బయటపడ్డారు. అంతకాలం మచ్చల్ని చొక్కా కింద దాచుకున్నవాళ్లు, జబ్బు ఇంకా ముదరనివాళ్లు వాళ్లంతట వాళ్లే రావడం మొదలుపెట్టారు. రోగి తనంతట తాను నడిచి రావడం కంటే ఒక ఆసుపత్రికి మంచి పేరు ఇంకేం కావాలి?

1932లో ఇసబెల్ డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా చనిపోయింది. భర్త జార్జ్ ఆ పనిని ఇంకో ఆరేళ్లు నడిపి, 1938లో స్కాట్లాండ్ వెళ్లిపోయాడు.

ఇప్పుడు మీలో కొందరు కామెంట్ టైప్ చేస్తుంటారు, నాకు తెలుసు. "అన్నా, ఇదంతా మతం మార్చడానికే గదా?" మంచి ప్రశ్న. దాటేయను.

మిషనరీలు మతం మార్పిడి ఉద్దేశం లేకుండా వచ్చారని చెప్తే అది అబద్ధం. సువార్త చెప్పడానికే వచ్చారు, ఆ మాట వాళ్లే దాచుకోకుండా రాసుకున్నారు, చెప్పుకున్నారు. ఆ కాలపు మిషన్ ఆసుపత్రుల్లో వైద్యంతోపాటు ప్రార్థన కూడా ఉండేది. జబ్బుతో ఇల్లు, ఊరు పోగొట్టుకున్న మనిషికి ఒక చెయ్యి అందితే, ఆ చెయ్యి ఇచ్చినవాళ్ల మాట వినాలనిపించడం సహజం. అది స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయమా, ఆధారపడటమా అని చరిత్రకారులు అడుగుతారు. అడగాల్సిందే. ఇంకోటి, ఆ కాలంలో చాలా కుష్టు ఆశ్రమాల్లో ఆడవాళ్లని, మగవాళ్లని వేరుగా ఉంచేవారు, భార్యాభర్తలనైనా సరే. ఈరోజు మనం దాన్ని ఒప్పుకోం.

ఈ ఇబ్బంది మిషనరీలకి కూడా తెలుసు. 1876–78 కరువు అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఏం చేశాడో చూడండి. అప్పుడు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అందులో కొన్ని మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు. ఆ సమయంలో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఆయన ఇవ్వలేదు, ఏడాదికి పైగా ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాళ్లెవరో, నమ్మి వచ్చినవాళ్లెవరో తేలాలంటే ముందు అన్నం పంచే పని ముగియాలి అన్నది ఆయన ఆలోచన. సహాయం పనులు ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె ప్రపంచమంతా ప్రచారమైంది. నాకు మాత్రం ఆ 2,222 కంటే, అంతకుముందు ఏడాదికి పైగా ఉన్న సున్నా ఎక్కువ మాట్లాడుతుంది. అయినా సరే, కృతజ్ఞత నుంచి విశ్వాసాన్ని పూర్తిగా విడదీయగలమా అంటే, నా వల్ల కాదు. క్లౌ వల్ల అయిందో లేదో మీరే చెప్పండి.

ఇక మత మార్పిడిని గట్టిగా వ్యతిరేకించిన ఒక పెద్ద మనిషి ఏమన్నాడో చూద్దాం. గాంధీ. మిషనరీలు సేవని మార్పిడికి వాడుకోవడం ఆయనకి అస్సలు నచ్చదు, జీవితాంతం అదే మాట చెప్పాడు. అలాంటి గాంధీ నిర్మాణ కార్యక్రమం అనే చిన్న పుస్తకం రాశాడు. ఖద్దరు, అస్పృశ్యత నిర్మూలన, గ్రామ పరిశ్రమలు, వాటితోపాటు కుష్టు రోగుల సేవని కూడా స్వరాజ్యం పనుల్లో ఒకటిగా చేర్చాడు. అక్కడ ఆయన ఒప్పుకున్న సంగతి ఏంటంటే, ఈ దేశంలో కుష్టు రోగుల్ని పట్టించుకున్నది ఎక్కువగా మిషనరీలే, ఆ గౌరవం వాళ్లకి దక్కాలి అని. మనవాళ్లు నడిపే కేంద్రం తనకి తెలిసి వార్ధా దగ్గర ఒక్కటే ఉందని కూడా బాధపడ్డాడు. ఆయన వాళ్లతో వాదించాడు, వాళ్ల పనిని కూడా చూశాడు. రెండూ నిజమే. మన దేశంలో కుష్టు నివారణ దినం ఆయన చనిపోయిన జనవరి 30నే జరుపుతారు.

మన హైదరాబాద్‌కే వస్తే, 1958లో కూకట్‌పల్లిలో శివానంద పునరావాస ఆశ్రమం మొదలైంది, కుష్టు రోగుల కోసమే. మొదలుపెట్టింది రాణీ కుముదినీ దేవి, తర్వాత నగర మేయర్ కూడా అయ్యారు. ఆవిడ ప్రేరణ స్వామి శివానంద, డిచ్‌పల్లితో సంబంధం ఉందని నేను చెప్పడం లేదు. నేను చెప్పేదల్లా, ఈ పని ఏ ఒక్క మతం సొత్తూ కాదు. క్రైస్తవులు మొదట చేశారు కాబట్టి ఎప్పటికీ వాళ్ల ఖాతాలోనే వేసుకుందాం అంటే, అది కూడా ఒక రకం స్టిక్కరే.

సరే, డిచ్‌పల్లి కథలో ఒక తోక మిగిలింది. మన తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్లకి ఇది నచ్చుతుంది.

1920లలో కెర్ దంపతులతో పనిచేయడానికి జాన్ లో అనే కుర్ర డాక్టర్ ఇంగ్లండ్ నుంచి డిచ్‌పల్లి వచ్చాడు. కుష్టు వైద్యంలో ఆయన అసలైన బడి అదే. తర్వాత కలకత్తా వెళ్లాడు, అక్కడినుంచి ఆఫ్రికా, నైజీరియాలో ఉజువాకోలి అనే ఊరు. అప్పటికి అమెరికాలో 1941 నుంచి సల్ఫోన్ మందులు కుష్టుమీద పనిచేస్తున్నాయని తేలింది. కానీ అవి ఖరీదు, కొన్నిటిని నరంలోకి ఎక్కించాలి. పేద దేశాలకి అందేవి కావు. 1940ల చివర్లో జాన్ లో చూపించింది ఏంటంటే, డాప్సోన్ అనే చవకైన మందుని చిన్న మోతాదులో మాత్రగా మింగిస్తే చాలు, పనిచేస్తుంది, తట్టుకోగలరు కూడా. సూదులు అక్కర్లేదు, వారం వారం నొప్పి అక్కర్లేదు. ఊరూరా పంచొచ్చు.

ఆ డాప్సోన్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక్క మందుకే బ్యాక్టీరియా అలవాటు పడిపోతోందని 1980లలో దానికి రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కలిపి ఎండీటీ అనే పద్ధతి తెచ్చారు. 6 నెలలో, 12 నెలలో వాడితే చాలు, జబ్బు నయమైపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పైసా ఖర్చు లేదు. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి కుష్టు దిగింది. పోయిందని కాదు, కొత్త కేసులు ఇప్పటికీ వస్తున్నాయి. మీ ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, దానిమీద గిల్లినా తెలియకపోతే, సిగ్గుపడకుండా దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లండి. మొదట్లోనే మందు మొదలుపెడితే చెయ్యి, కాలు దెబ్బతినవు.

మందు మారినంత తొందరగా మనం మారలేదు. 1898లో బ్రిటిష్ వాళ్లు చేసిన కుష్టు చట్టం, రోగుల్ని పట్టుకుని బంధించే అధికారం ఇచ్చిన చట్టం, పార్లమెంటు రద్దు చేసింది ఎప్పుడో తెలుసా? 2016లో. భార్యకో భర్తకో కుష్టు ఉంటే ఆ కారణం చూపించి విడాకులు తీసుకోవచ్చన్న నిబంధన మన వివాహ చట్టాల్లోంచి పోయింది 2019లో. అంటే మీరు ఇంటర్ చదివే రోజుల దాకా ఉంది.

ఇంక ఆ తమ్ముడి సంగతి. ఈ కథంతా లాల్‌గడి మలక్‌పేట్ చౌరస్తాలో టీ తాగుతూ చెప్పాను. మధ్యలో ఆపి ఒకటే అడిగాడు. "అన్నా, ఆ నర్సాగౌడ్‌కి ఆమె గురించి ఎవరు చెప్పి ఉంటారు?" నాకు తెలిసి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటి నిజామాబాద్ చిన్న ఊరు. ఎవరి గుమ్మం ముందు ఎవరు కూర్చుంటున్నారో ఊరికి తెలుస్తుంది. ఏ ఇంటి ముందు కూర్చున్నవాళ్లని తరిమేస్తున్నారో, ఏ ఇంటి ముందు లోపలికి పిలుస్తున్నారో కూడా తెలుస్తుంది.

మనవాడు ఏమీ అనలేదు. టీ డబ్బులిచ్చేసి, ఫోన్ తీసి, షిఫ్ట్ రోస్టర్ ఓపెన్ చేశాడు. ఆ తర్వాత ఎవరికి కాల్ చేశాడో నేను అడగలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆలిస్ బాల్. అప్పటిదాకా ఉంటాను మరి.